తాతగారి టేకు మంచం

రాయగడలో క్వార్టర్ దొరికిందని మాధవ్ ఫోన్ చేసేసరికి నేను నందపూర్‌లో చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. కాయలు ఒకవైపు, నేనొకవైపు ఎగిరాం.

పెళ్ళయిన దగ్గర్నుంచీ తను అక్కడ మెస్ భోజనంతో, నేను ఇక్కడ అత్తవారింట్లో. మా కాపురమంతా వీడియో కాల్‌లోనే.

"రెండే గదులు, అమూల్యా. కిటికీలోంచి కొండ కనిపిస్తుంది. వానొస్తే అదీ కనిపించదు, నువ్వే కనిపిస్తావు."

శనివారం తను వచ్చేసరికి నా సూట్‌కేసు గుమ్మంలో ఉంది. దాని పక్కనే మాధవ్ తాతగారు, వరాహనరసింహంగారు, కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"మన ఇంట్లో కొత్త కాపురం టేకు మంచం మీదే మొదలవ్వాలి. ముందు మంచం వెళ్ళాలి, ఆ తర్వాతే అమ్మి." అమ్మి అంటే నేనే.

ఆయన తాతగారు జమీందారీ ఎస్టేటు ఉద్యోగంలో ఉండగా చేయించిన పందిరిమంచం అది. దానికో గది, ఓ దుప్పటి, బోలెడు మర్యాద.

"టేకంటే ఏటనుకున్నావమ్మీ? ఒంట్లోనే నూనె. చెద ముట్టదు. సముద్రాలు దాటే ఓడలు దీంతోనే కట్టేవారు!"

"అయితే రాయగడ దాకా ఈదుకుంటూ వచ్చేస్తుందా తాతగారూ?" నా నోరు ఊరుకోదు కదా.

మాధవ్ టేపుతో మంచం కొలిచి, నీరసంగా నావైపు చూశాడు. "ఇది మా క్వార్టర్ గుమ్మంలో పట్టదు తాతయ్యా. విప్పి తీసుకెళ్తాం."

"విప్పుతావా? ఒక్క మేకు లేకుండా బిగించేరు, విప్పితే మళ్ళీ కుదరదు!"

"పోనీ, చాప మీద పడుకుంటాం."

"పరువేం కావాలి? మంచం పట్టే ఇల్లు దొరికేదాకా అమ్మి ఇక్కడే ఉంటుంది."

నా కళ్ళు చెమర్చాయి. మంచం మాత్రం దుప్పటి కింద హాయిగా ఉంది.

వంటింట్లోంచి కాత్యాయని మామ్మగారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు.

"ఏటండీ పరువు? మన పెళ్ళికి మనం పడుకున్నామా దాని మీద? గీత పడుతుందని మీ నాన్నగారు పడుకోనిచ్చేరు కాదు. మన అబ్బాయిని మీరు పడుకోనిచ్చేరు కాదు. మనుషులు కింద చాప మీద, అది పైన దుప్పటి కప్పుకుని!"

తాతగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పాలిష్ పోతుందని..."

"పాలిష్‌కేం, భేషుగ్గా ఉంది. నా వయసే పోయింది."

తాతగారు మామ్మగారిని పెళ్ళిచూపుల్లో చూసినట్టు చూశారు. పైగా సిగ్గు! నేను మాధవ్‌ని గట్టిగా గిల్లాను.

"పిల్లల్ని పొద్దున్న బస్సెక్కించేద్దాం," అన్నారు తాతగారు చివరికి. "మంచి చాప ఒకటి ఇచ్చి పంపు."

"ఆ తర్వాత?" మామ్మగారు కదల్లేదు.

తాతగారు గోడవైపు తిరిగి గొంతు సవరించుకున్నారు.

"రేపు ఆ దూది పరుపు ఎండలో వేయించు, కాత్యాయనీ. సాయంత్రం మంచం మీద పరుద్దాం."