దడ వచ్చిన వేళలు

డ్రైవింగ్ స్కూల్ మాస్టారికీ ఆసుపత్రిలో ఈసీజీ తీసే అమ్మాయికీ మొదటి రోజే చెడింది. మంచం మీద పడుకోబెట్టి ఛాతీకి వైర్లు తగిలిస్తుంటే అతని నోరు ఊరుకోలేదు. ఈ వైరు ఎందుకు, అది ఎర్రగా ఎందుకుంది, ఇంకెంతసేపు అని ఒకటే ప్రశ్నలు. కాగితం మీద పడినవన్నీ పిచ్చిగీతలే.

"మాస్టారూ, మీ కార్లో మీరు చెప్పినట్టు అందరూ వింటారేమో. ఇక్కడ నేను చెప్పినట్టు మీరు వినాలి. కాసేపు నోరు మూసుకోండి," అందామె.

ముప్పై మూడేళ్ళ జీవితంలో అతన్ని నోరు మూసుకోమన్నది అంతకుముందు సొంత అక్క ఒక్కతే.

జబ్బు చూస్తే ఆషామాషీది కాదు. గుండె పైగదులు ఎనిమిది నెలలుగా తాళం తప్పి అడ్డదిడ్డంగా కొట్టుకుంటున్నాయి. మాత్రలు పనిచేయలేదు. షాకిచ్చి దారిలో పెడితే పది రోజుల్లో కథ మొదటికొచ్చింది. చివరికి డాక్టరు తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టాన్ని గుండె దాకా పంపి, తప్పుడు సంకేతాలు బయల్దేరే చోటు చుట్టూ కాల్చారు. దాన్నే అబ్లేషన్ అంటారు. మొదటి మూడు నెలలు గుండె కాస్త అల్లరి చేసినా పట్టించుకోవద్దనీ, ఆ తర్వాత కూడా తాళం తప్పితే మళ్ళీ కాల్చాల్సి రావచ్చనీ చెప్పారు.

ఆ మూడు నెలల్లో అతను ఈసీజీకి చాలాసార్లే వెళ్ళాడు. రానురాను ఆమె కసరడం మానేసింది, వైర్లు విప్పడానికి తొందరపడటమూ మానేసింది. అతనికి ఆమె అంటే ఇష్టం పుట్టింది. పైకి మాత్రం పెదవి విప్పలేదు. జబ్బు పోయిందని తేలితే పెళ్ళి మాట ఎత్తాలి, తేలకపోతే ఆ ఊసే వద్దు అని ఒట్టు పెట్టుకున్నాడు. డ్రైవింగ్ నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళందరికీ మాస్టారి మొండితనం తెలుసు.

నాలుగో నెలలో అతని ఛాతీకి గుండె చప్పుడు రికార్డు చేసే పట్టీ అంటించి, ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టారు. దడ వచ్చినప్పుడల్లా టైమూ, అప్పుడేం చేస్తున్నాడో రాయాలి. వారం తిరిగేసరికి పుస్తకంలో తొమ్మిది దడలు. తొమ్మిదీ చూసుకుని అతని గుండెల్లో రాయి పడింది. అక్కను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, పుస్తకం తీసుకుని లోపలికి వెళ్ళాడు.

ఆమె పట్టీలోని రికార్డును కంప్యూటర్లో తెరిచి, పుస్తకంలోని టైములతో ఒక్కొక్కటే సరిచూసింది. చాలాసేపటికి తలెత్తి, ఏం చేస్తున్నారన్న గడి ఎందుకు ఖాళీగా వదిలేశారని అడిగింది. దానికీ జబ్బుకూ సంబంధం లేదని అతను నీళ్ళు నమిలాడు.

"జబ్బెక్కడుంది? ఇటు చూడండి," అని తెర అతని వైపు తిప్పింది. ప్రతి పెద్ద గీతకూ ముందు ఒక చిన్న బుడిపె ఉంది. జబ్బు తిరగబెడితే ఆ బుడిపె కనపడదట, గీతల మధ్య ఎడం కూడా ఒక్కలా ఉండదట. ఇది మామూలు గుండే, కాస్త వేగంగా కొట్టుకుంది, అంతే. మెట్లెక్కారా అని అడిగింది. లేదన్నాడు.

"మరి సోమవారం పదకొండుంపావుకి ఏం చేస్తున్నారు?"

"పట్టీలో బ్యాటరీ ఉందా అని మీరు ఫోన్ చేస్తే మాట్లాడుతున్నాను."

"బుధవారం నాలుగున్నరకి?"

"పట్టీ ఊడుతోందని మీ దగ్గరికొచ్చాను."

"గురువారం పదింటికి?"

"అప్పుడేం లేదు. మీరు ఫోన్ చేస్తారేమోనని చూస్తున్నాను."

ఆమె నాలుగోది అడగలేదు. అతనికి అప్పటికి గానీ బుర్ర వెలగలేదు. ఏడాదిగా దడ అంటే జబ్బే అనుకుని బతికినవాడు, దానికి ఇంకో కారణం ఉండొచ్చన్న సంగతే మరిచిపోయాడు. తాడును చూసి పామనుకోవడమంటే ఇదే. సిగ్గూ సంతోషమూ కలిసి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నయమైతే అడుగుదామనుకున్నాను, నన్ను పెళ్ళి చేసుకుంటారా అని," అన్నాడు. "కానీ ఇది మళ్ళీ రాదని డాక్టరు కూడా రాసివ్వరు కదా."

"రాసివ్వరు," అందామె. "వస్తే అందరికన్నా ముందు నాకే తెలుస్తుంది. అప్పుడు చూసుకుందాం. ఇంకో మాట. ఆ పట్టీకి రెండు వారాల బ్యాటరీ ఉంటుంది. అయిపోయిందేమోనని ఈ వారం నేను ఫోన్ చెయ్యాల్సిన పనే లేదు."

చల్లకొచ్చి ముంత దాచింది అతనొక్కడే కాదన్నమాట.

బయట అక్కకు ఓపిక నశించింది. తలుపు తోసుకుని వచ్చేసరికి తమ్ముడు కళ్ళు తుడుచుకుంటున్నాడు. అక్క ముఖం పాలిపోయింది. మళ్ళీ కాల్చాలన్నారా అని అడిగింది.

"అక్కర్లేదు వదినా. మీ తమ్ముడి గుండె బాగుంది," అంది ఆ అమ్మాయి.

అక్క చెంగుతో ముఖం తుడుచుకుని, హమ్మయ్య అంటూ పక్కనున్న కుర్చీలో కూలబడింది. ఆ తర్వాత నెమ్మదిగా తలెత్తి ఆ అమ్మాయిని చూసింది.

"ఏదీ, నన్నేమని పిలిచావో ఇంకోసారి పిలువు."