ఏడు ద్వారాల వాహిని

"కరిగించి సమర్పించండి," అంది నాలుగో ద్వారం.

స్వరూపకు ఒళ్లు మండిపోయింది. ఇప్పటికే మూడు తనిఖీ ద్వారాల దగ్గర మూడుసార్లు కరిగించి, మళ్లీ గడ్డకట్టించిన సీసా అది. లోపల ఉన్నది వాహిని-35. మనిషి జన్యువును బ్యాక్టీరియాలో పెట్టి, తొట్లలో పెంచి, తొమ్మిది రోజులు వడగట్టి తీసిన ప్రోటీన్. కణంలో సరుకుల మూటలను ఒక చోటి నుంచి మరో చోటికి చేర్చడం దాని పని. నాలుగుసార్లు కరిగితే ముడుచుకుపోతుంది, ఇక ఏ మూటనూ పట్టుకోదు. ఆ సంగతి తొట్ల దగ్గర పనిచేసే వాళ్లందరికీ తెలుసు. ద్వారాలను నడిపే యంత్రం నిర్ధారిణికి మాత్రం తెలియదు. అది కొలిచేవి రెండే: శుద్ధి, బరువు. చచ్చిన ప్రోటీనుకు ఆ రెండూ తగ్గవు కదా!

సీసా కరిగింది. "శుద్ధి తొంభై ఆరు. ఆమోదం," అంది ద్వారం, ఏదో వరమిస్తున్నట్టు.

"నీ ఆమోదం తగలెయ్య!"

పక్క బల్ల దగ్గర షిఫ్టు పెద్ద ఎల్లేశం తలెత్తాడు. "మెల్లగ మాట్లాడు బిడ్డా. అది అన్నీ ఇంటది."

"ఇంటే మంచిగుండు సార్! ఆర్నెల్ల సంది మొత్తుకుంటున్న. పదకొండు అర్జీలు పెట్టిన. గోడకు చెప్పుకున్నా ఇంతకంటె నయం. గింజ మొలిచిందా లేదా అని దినాం తవ్వి చూస్తే మొలుస్తదా సార్?"

"నాకు తెల్వదా? కానీ ఒక బ్యాచ్, ఒక సీసా. రూలు గట్లున్నది." ఎల్లేశం మళ్లీ తల దించుకున్నాడు. ముప్పై ఏళ్లుగా ఆయన చేస్తున్నది అదే.

పదకొండింటికి కరీంనగర్ పరిశోధనశాల నుంచి డాక్టర్ నస్రీన్ తెరపైకి వచ్చింది. ఆమె కళ్ల కింద నల్లగా ఉంది.

"మీరు పంపిన మూడు సీసాలూ పనిచెయ్యలేదు స్వరూపగారూ. మూటలు కదలనే లేదు. మూడు పళ్లేల నరాల కణాలు చచ్చిపోయినయ్. ఇగ ఒక్కటే పళ్లెం ఉంది. ఆ కణాలు ఇచ్చిన పెద్దాయన కూడా పోయిండు, మళ్లీ అడగనీకి మనిషి లేడు. ఈసారి వచ్చేది పనిచేస్తదా? ఆ ఒక్క మాట చెప్పండి."

ఆమెకు పంపాల్సిన నాలుగో సీసా, ఇందాక కరిగినదే, స్వరూప చేతిలో ఉంది. అబద్ధమాడటానికి నోరు రాలేదు.

"నాలుగింటి బండికి పంపిస్త మేడం," అని మాత్రం అంది.

నాలుగో సీసాను చెత్తబుట్టలో పడేసింది. ఉదయమే వడపోత నుంచి దిగిన కొత్త బ్యాచ్ ఇంకా గడ్డకట్టలేదు. దాన్ని ఇరవై చిన్న ట్యూబుల్లోకి పంచి, ఒక్కసారే ద్రవ నైట్రోజన్‌లో ముంచింది. ద్వారాలు రాకముందు తొట్ల వాళ్లంతా చేసిన పనే అది. ఒక ట్యూబును మొదటి ద్వారంలో పెట్టి, మిగతావి డ్రై ఐస్ డబ్బాలో సర్దింది.

"బ్యాచ్ బరువులో ఇరవయ్యో వంతే వచ్చింది. మిగతాదీ కరిగించి సమర్పించండి," అంది మొదటి ద్వారం.

"సమర్పించను."

ఆ జవాబుకు నిర్ధారిణి దగ్గర గడి లేదు. ఏడు ద్వారాల్లో సీసాలను మోసే పట్టాలూ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎల్లేశం పరుగున వచ్చాడు.

"ఏం జేసినవ్ బిడ్డా! లైసెన్సు పోతది నీది!"

"పోనియ్యండి సార్."

"చూడని ట్యూబులకు బాధ్యత ఎవరిది?" అడిగింది ద్వారం.

స్వరూప డబ్బా మీద పెన్నుతో రాసింది: ఒక్కసారే గడ్డకట్టింది. తెరవలేదు. బాధ్యత నాది. కింద పేరు రాసి, తెర మీద బొటనవేలు నొక్కింది.

"తెరవకుండా, పనిచేస్తుందని నీకెలా తెలుసు?"

"తెరిచి తెరిచి పంపినవి పనిచేస్తున్నయని నీకెట్ల తెలుసు?"

ద్వారం తన పాత లెక్కలన్నీ తిరగేసింది: శుద్ధి, బరువు, అంతే.

"తెలియదు," అంది చివరికి.

గోదాములో మొదటి అరకు ఆమోదం రద్దయి ఎర్ర దీపం వెలిగింది. తర్వాత రెండోదానికి, మూడోదానికి. ఆమోదం పొందిన నాలుగు వేల సీసాలకూ వరసగా ఎరుపు పాకింది. ఎల్లేశం కుర్చీలో కూలబడ్డాడు. ఆ సీసాలన్నిటి మీదా ఆయన సంతకమే ఉంది.

స్వరూప డబ్బాను చంకన పెట్టుకుని బండి దగ్గరికి పరుగెత్తింది. నాలుగు కావడానికి ఇంకా పది నిమిషాలున్నాయి.