వాలు మీద మన ఇల్లు

"ఆపండి! ఆ బుల్డోజర్ ఆపకపోతే దాని ముందు పడుకుంటాను!"

ఆమె నోటి నుంచి నేను విన్న మొదటి మాట అది.

మాది పేరుకే స్థలం. నిలబడితే కాళ్ళు వాటంతటవే కిందికి నడిచే ఏటవాలు.

"చదును చేయకుండా ఇల్లెలా కడతారండీ, గాల్లోనా?" అన్నాను.

"వాలుని కోస్తే మొదటి వానకే ఆ మట్టంతా మీ మంచం కిందకొస్తుంది. మీ అమ్మగారు నన్ను ఇల్లు గీయమని పిలిచారు, గొయ్యి గీయమని కాదు."

ఆ ఆర్కిటెక్టు నోటికి అమ్మ అప్పుడే పడిపోయింది. నాకు ఇంకో రెండు రోజులు పట్టింది.

ఇల్లు వాలుతోపాటే మెట్లు మెట్లుగా దిగేలా గీసింది. పునాదికి తవ్విన మట్టితోనే ఇటుకలు. కప్పు మీది వాన నీళ్ళు తొట్టిలోకి. సెలవు రోజుల్లో అమ్మా, అక్కా, నేనూ ఇటుకలు అచ్చు వేస్తుంటే ఆమె కూడా చొక్కా చేతులు పైకి మడిచి బురదలోకి దిగేది.

"మన వంటగదికి పొద్దుటి ఎండ రావాలి," అనేది.

"మన కిటికీ కిందికి దించుదాం. కూర్చుంటే చెట్లు కనిపించాలి."

మన! మీ కాదు, మన. ఆ ఒక్క మాట పట్టుకుని నేను గాలిలో మేడలు కట్టేశాను.

ఓరోజు ఆమె ఫోన్‌లో ఎవరితోనో అంటోంది: "మన బాత్‌రూమ్ టైల్స్ రేపు చూద్దామండీ."

"ఎవరు?" అన్నాను.

"ఇంకో క్లయింటు."

నా మేడలన్నీ కూలిపోయాయి. "మా ఇంటి పని ఇక మేమే చూసుకుంటాం లెండి. డ్రాయింగులున్నాయిగా."

ఆమె ముఖం చిన్నబోయింది. చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది.

నాలుగు వారాలు రాలేదు. గోడ ఎంత ఎత్తని మెసేజ్ పెడితే, "తొంభై సెంటీమీటర్లు" అని మాత్రం జవాబొచ్చింది. దాన్నే పదిసార్లు చదువుకున్నాను. నిజానికి ఆ ఎత్తు నాకు తెలుసు.

"సారీ చెప్పడానికి కూడా ప్లాన్ గీయించాలట్రా?" అంది అక్క.

ఐదో వారం కుండపోతగా వాన పట్టుకుంది. పచ్చి గోడలు కరిగిపోతాయని టార్పాలిన్‌తో పరుగెత్తాను. అమ్మ వెనకాల వస్తానంది.

ఆమె నాకంటే ముందే అక్కడుంది. మోకాళ్ళ దాకా బురద, చేతిలో పార. నీళ్ళు గోడల వైపు రాకుండా కాలువ తవ్వుతోంది. ఇద్దరం తవ్వాం, కప్పాం. గోడలు నిలిచాయి.

"ఏ ఇల్లయినా మనదనుకుని గీయమని మా గురువుగారు నేర్పారు. అందరితోనూ అలాగే అంటాను," అంది నన్ను చూడకుండా. "కానీ వాన పడిందని ఇంకెవరింటికీ పరుగెత్తలేదు."

అడిగేశాను. "మీరంటే నాకు ప్రాణం. మీరు రాని ఈ నాలుగు వారాలూ ఇది నాకు ఇల్లనిపించలేదు, ఉత్త మట్టనిపించింది. ఇక్కడే ఉండిపోతారా?"

ఆమె పెదవి కదిలింది. ఇంతలో గొడుగుతో వాలెక్కుతున్న అమ్మ కాలు జారింది. ఆమె పార పడేసి పరుగెత్తింది.

"జాగ్రత్త అత్తయ్యా! నా చెయ్యి పట్టుకోండి!"

అమ్మ ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆమె నాలుక కరుచుకుంది.

అమ్మ గొడుగు మూసేసి, "వాన హోరులో సరిగ్గా వినపడలేదు. ఏమన్నావో ఇంకోసారి అనమ్మా," అంది.