హిసానో దిగిన మంచువాలు

పొద్దున్నే అన్నం ఉడకగానే మొదటి గిన్నె హిసానోకి పెట్టడం ఏడాదిగా ఆ ఇంటి అలవాటు. చిహరు చిన్న గిన్నెలో వేడి అన్నం పెట్టి, హాలు మూలనున్న పీఠం ముందుంచి, అగరొత్తి వెలిగించి, గంట మోగించింది. పీఠం మీద తల్లి హిసానో ఫోటో ఉంది. డ్రైవింగ్ లైసెన్సు కోసం తీయించుకున్నది. చెయ్యని తప్పుకి జరిమానా కట్టి వచ్చినట్టుంటుంది అందులో ఆవిడ మొహం.

"అమ్మా, ఇవాళ నీ సంవత్సరీకం. మధ్యాహ్నం గుడి నుంచి గురువుగారు వస్తారు. అంతవరకూ నాన్న నన్ను సతాయించకుండా చూసే బాధ్యత నీదే," అంది చిహరు చేతులు జోడించి.

"వింటున్నా, వింటున్నా," అంటూ షింగో లోపలి గదిలోంచి వచ్చాడు. డెబ్భై దాటినా మనిషి ఇంకా నిటారుగానే ఉన్నాడు. చంకలో కాగితం చుట్టిన పెద్ద పటం ఉంది. "ఆ ఫోటో తీసెయ్యవే. మీ అమ్మ బతికున్నన్నాళ్ళూ నామీద కోపమొచ్చినప్పుడే అలా చూసేది. పోయాక కూడా రోజూ పొద్దున్నే ఆ చూపు నాకెందుకు?"

"మరి వేరే ఫోటో ఏదీ? కెమెరా తీస్తే చాలు, అమ్మ ఎవరో ఒకరి వెనక దాక్కునేది కదా!"

"ఉంది. నేను తీసిందే." షింగో పిల్లాడిలా మురిసిపోతూ కాగితం విప్పాడు. "మన వీడియోలోంచి ఫోటో తీయించాను. మొన్న షాపులో చూసి నాకే కళ్ళు చెమర్చాయనుకో."

తెల్లటి మంచువాలు. ఎర్రకోటు వేసుకున్న ఆడమనిషి మోకాళ్ళు వంచి, నడుము తిప్పి, మంచు చిమ్ముకుంటూ కిందికి జారుతోంది. చెవులదాకా టోపీ, కళ్ళకి పెద్ద అద్దాలు, గడ్డందాకా మఫ్లరు.

"బావుందా?" అన్నాడు తండ్రి.

"ఊఁ," అని నీళ్ళు నమిలింది చిహరు.

ఆ వీడియో సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలిసిందే. చిహరు చిన్నప్పుడు, ప్రతి చలికాలం షింగో పెళ్ళాన్నీ కూతుర్నీ స్కీయింగ్‌కి కొండమీదికి తీసుకెళ్ళేవాడు. ఇంటిల్లిపాదీ సెలవులు గడపడానికి వెళ్తే, ఆయన మాత్రం సెలవుల్ని షూటింగ్ చెయ్యడానికి వెళ్ళేవాడు. చిహరు మంచులో పడితే, "సరిగ్గా రాలేదు, ఇంకోసారి పడవే తల్లీ," అనేవాడు. సత్రంలో వేడి పులుసు పొగలు పోయేదాకా కెమెరా ఆపేవాడు కాదు, అందాకా ఎవరూ చెంచా ముట్టకూడదు. ఇంత చేసినా ఆ టేపుల్లో హిసానో కనిపించేది తక్కువ. ఒకచోట వీపు, ఇంకోచోట నారింజ తొన అందిస్తున్న చెయ్యి, అంతే. నిలువెత్తున కనిపించేది ఒక్క టేపులోనే. దాన్నే షింగో ప్రతి కొత్త సంవత్సరం పండక్కీ చుట్టాలందరికీ వేసి చూపించేవాడు.

కాసేపటికి షింగో అక్క తొమికో వచ్చింది. ఎనభైకి దగ్గరపడినా ఆవిడ నోటికి మాత్రం వయసు రాలేదు. దుప్పటి కప్పి, లోపల హీటరు పెట్టిన కొతాత్సు బల్లకింద వెచ్చదనంలో కాళ్ళు పెట్టుకుని, తాను తెచ్చిన ఊరవేసిన ఆవకూర డబ్బా మూత తీసింది. "ఏం తమ్ముడూ, కూతురు ఇంట్లో ఉన్నా ఇల్లు ఇంత చల్లగా ఉందేమిటి? సరే, వెయ్యి నీ సినిమా. గురువుగారు వచ్చి మంత్రాలు మొదలెట్టాక ఎలాగూ కునుకే కదా."

షింగో టీవీ పెట్టాడు. తెరమీద మంచువాలు, దానిమీద పాతికేళ్ళ కిందటి ఎండ. అప్పటి షింగో గొంతు వినిపించింది, "వస్తోంది, వస్తోంది! అదిగో మా ఆవిడ! ఆ మోకాళ్ళు చూడండి! అబ్బ, ఏం తిరిగిందీ!" ఆయన ఎగిరి గంతేసినట్టున్నాడు, బొమ్మ ఒక్కసారి అదిరింది. ఎర్రకోటు తెరమీంచి జారిపోయింది.

"నిజం ఒప్పుకోవాలి," అంది తొమికో. "సముద్రం ఒడ్డున పుట్టిన పిల్ల, మంచంటే తెలియని పిల్ల, మన కొండల్లో ఏం కాపరం చేస్తుందిలే అని ఎన్నెన్ని మాటలన్నానో. ఈ వీడియో చూశాక నోరు మూసుకున్నాను."

"నువ్వు జన్మలో నోరు మూసుకున్నది ఆ ఒక్కసారేలే అక్కా." షింగో నవ్వుతూ లేచి, పీఠం మీది పాత ఫోటో తీసి పక్కన పెట్టాడు. కొత్త పటం ఎత్తుతుంటే చిహరు గబుక్కున లేచి రెండు చేతులా పట్టుకుంది.

"వద్దు నాన్నా."

"ఏం?"

"మొహం కనపడటం లేదు."

"మొహందేముందే! ఆ నడుం చాలదూ? నా పెళ్ళాన్ని నేను వెనకనుంచి చూసినా పోల్చుకుంటాను. వదులు."

"ఇవాళ్టికి పాతదే ఉండనీ."

"వదలవే! సంవత్సరీకం రోజున కూడా మీ అమ్మ అలా చిరాగ్గా కూర్చోవాలా?"

"ఆవిడ అమ్మ కాదు నాన్నా!" అనేసింది చిహరు. "ఎవరో ముక్కూమొహం తెలియని ఆవిడ ముందు రోజూ అన్నం పెట్టమంటావా నన్ను?"

తొమికో చేతిలో ఆవకూర తినే పుల్లలు ఆగిపోయాయి. షింగో పటం బల్లమీద పెట్టి నెమ్మదిగా కూర్చున్నాడు. ఆయన మొహం ఎర్రబడింది.

"తమాషాగా ఉందా నీకు?"

"తమాషా కాదు. ఆ సత్రంలో ఆడవాళ్ళందరికీ అద్దెకిచ్చినవి అవే ఎర్రకోట్లు, అవే టోపీలు. అమ్మ ఆ రోజే మొదటిసారి నాతో లిఫ్టులో పైదాకా వచ్చింది. కిందికి చూసి కాళ్ళు వణికి అక్కడే చతికిలబడింది. లిఫ్టువాళ్ళు మమ్మల్నిద్దర్నీ మళ్ళీ దాంట్లోనే కూర్చోబెట్టి కిందికి పంపారు. నువ్వు అటు కెమెరాలో కన్ను పెట్టి ఉన్నావు. మేం క్యాంటీన్లోకి వెళ్ళిపోయాం. అప్పుడే ఎవరో ఆవిడ దిగింది."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబుదామనే అనుకుంది. ఇంతలో నువ్వు క్యాంటీన్లోకి పరిగెత్తుకొచ్చి, అంతమందిలో అమ్మ చెయ్యి పట్టుకుని, మా ఆవిడంత అందంగా దిగేవాళ్ళు ఈ కొండమీద లేరన్నావు. గుర్తుందా?"

గుర్తుండకేం. ఆ రోజుల్లో మొగుడు పెళ్ళాన్ని పదిమందిలో పొగడటమే తప్పు. ఎవరైనా ఆవిణ్ణి పొగిడితే, "మా ఇంటిదా? ఉత్త మొద్దు," అని తీసిపారెయ్యడం మర్యాద. షింగో ఆ మర్యాద తప్పింది జీవితంలో ఆ ఒక్కసారే.

"అయితే ఇన్నేళ్ళూ," అన్నాడు షింగో, "నేను ఊరందరికీ ఈ టేపు వేస్తుంటే, పక్కన కూర్చుని నారింజలు ఒలుస్తూ నన్ను చూసి నవ్వుకుందన్నమాట. మొగుడు ఎంత వెర్రిబాగులవాడో అని!"

"నవ్వుకోలేదు. కాలేజీలో ఉన్నప్పుడు నేనే అడిగాను, ఎందుకమ్మా ఈ అబద్ధం అని. ఏమందో తెలుసా? 'దిగింది నేను కాదు కానీ, మీ నాన్న పొగిడింది నన్నేగా. అదెవరికిచ్చెయ్యమంటావు?' అంది." చిహరు కళ్ళు తుడుచుకుంది. "పైగా ఆ వీడియో వచ్చాక ఈ ఇంట్లో మాటలు పడటం తప్పింది అమ్మకి."

తొమికో తల వంచుకుంది. "నా నోటికి జడిసే," అంది నెమ్మదిగా.

షింగో కిటికీవైపు తిరిగాడు. "ఆ తర్వాత ఒక్కసారీ నాతో లిఫ్టెక్కలేదే," అన్నాడు. "మోకాలు నొప్పనేది. అంత బాగా దిగే మనిషి ఎందుకు రాదు? నా పక్కన ఉండటం ఇష్టం లేదేమోనని లోపల్లోపలే కుమిలిపోయాను. లిఫ్టులో పక్క సీటు ఖాళీగా పైకెళ్ళినప్పుడల్లా వెనక్కి తిరిగి చూసేవాణ్ణి."

"ఎక్కితే నీకు తెలిసిపోతుందని భయం నాన్నా."

"తెలిస్తే ఏం? పడితే లేపేవాణ్ణిగా! నాకేం, బాగా దిగే పెళ్ళాం కావాలా? పక్కన దిగితే చాలదూ?" షింగో పటాన్ని బోర్లా తిప్పేశాడు. "నడుస్తున్నట్టు, కదుల్తున్నట్టు దాన్ని చూసుకోవడానికి నాకు మిగిలింది ఇదొక్కటే చిహరూ. నిద్ర పట్టనప్పుడల్లా ఇదే వేసుకుని చూశాను. ఇందులోనూ అది లేదు. ఇంకెక్కడ చూసుకోను?"

నిజం చెప్పి తండ్రి దగ్గర ఉన్న ఒక్కటీ లాక్కున్నానే అనుకుంది చిహరు. లేచి వెళ్ళి ఆయన పక్కన, అదే దుప్పటి కింద కాళ్ళు పెట్టుకుని కూర్చుంది.

"క్యాంటీన్లో ఏం చేసింది మీ అమ్మ?" అని అడిగాడు షింగో ఉన్నట్టుండి.

"ఏం చేస్తుంది, నూడుల్స్ తింది. నాకు సగం పెట్టింది."

"వేడిగా ఉన్నాయా?"

"పొగలు కక్కుతున్నాయి. నువ్వు లేవుగా, ఆరబెట్టకుండా తినెయ్యవచ్చని సంబరపడింది. ఊదుకోకుండానే తిని నాలిక కాల్చుకుంది."

షింగో కళ్ళు మూసుకున్నాడు. "ఎక్కడ కూర్చుంది? గోడవైపా?"

"కాదు, కిటికీ పక్కన. అద్దమంతా ఆవిరి పట్టింది. అమ్మ చేతి తొడుగుతో గుండ్రంగా తుడిచి బయటికి చూసింది."

"వెలుగు మొహమ్మీద పడుతోందా?"

"ఆఁ, మంచు వెలుగు. టోపీ తీసేసింది, జుట్టంతా రేగిపోయి ఉంది. నవ్వుతోంది. నన్ను దగ్గరికి లాక్కుని, 'చూడవే, మీ నాన్న చలికి ఒంటికాలిమీద గెంతుతున్నాడు, అయినా కెమెరాలోంచి కన్ను తియ్యడు, నా కోసమే' అంది. నువ్వు ఆ ఎర్రకోటుని చూస్తున్నావు నాన్నా. అమ్మ నిన్ను చూస్తోంది."

షింగో కళ్ళు తెరిచాడు. "ఎంతసేపు చూసింది?"

"నువ్వు కెమెరా ఆపేదాకా. మిగిలిన నూడుల్స్ చల్లారిపోయినా చూసుకోలేదు."

భార్య పోయిన రోజు కూడా ఏడవని షింగో రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని భోరుమన్నాడు. తొమికో ఇటు జరిగి తమ్ముడి వీపు నిమిరింది. చాలాసేపటికి ఆయన కళ్ళు తుడుచుకుని, కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంకోసారి చెప్పవే తల్లీ," అన్నాడు. "లిఫ్టు దిగిన దగ్గర్నుంచి. నెమ్మదిగా."