బ్యాకప్ సర్వర్ అమ్మాయి

ఆ ఆఫీసులో మెయిన్ మెయిల్ సర్వర్ చూసుకునే అతనికి ఉద్యోగం మీద విరక్తి పుట్టి చాలాకాలమైంది. అందరి ఇన్‌బాక్సుల్లోనూ లాటరీలు, బట్టతల మందులు. తిట్లు మాత్రం అతనికి. అతను ముందు గుమ్మంలో ఫిల్టర్ పెట్టుకుని కాపలా కాస్తుంటే, ఆ చెత్త మెయిళ్ళ స్పామ్ అంతా, మెయిన్ సర్వర్ ఆగిపోతే మెయిళ్ళు అందుకోడానికి పక్క బిల్డింగులో పెట్టిన బ్యాకప్ సర్వర్ గుండా దూరుతోంది. అది పంపిందంటే మనింటి మనిషి పంపినట్టేనని మెయిన్ సర్వర్ కళ్ళు మూసుకుని తీసేసుకుంటుంది.

దెబ్బలాడదామని వెళ్ళాడు. అక్కడొక అమ్మాయి నుదుటికి బామ్ రాసుకుంటోంది.

"మీ సర్వర్ చెత్తంతా నా నెత్తిన పోస్తోందండీ."

"మీ ఆఫీసులో ఎవరెవరున్నారో నాకెవరైనా చెప్పారా? ఏ పేరు చెప్పుకుని వచ్చినా రానివ్వక ఏం చేయను?" అందామె కళ్ళు తెరవకుండానే.

ఆఫీసువాళ్ళ మెయిల్ అడ్రసులు ఆమెకి ఇవ్వాల్సింది అతనే. తేలుకుట్టిన దొంగలా వెనక్కొచ్చి, మర్నాడే పట్టుకెళ్ళి ఇచ్చాడు. సగం స్పామ్ ఆగిపోయింది. మిగతా సగం కోసం రోజూ మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుని ఫిల్టర్లు సరిచేసేవాడు. మీ మొహం చూస్తే ఏ ఫిల్టరూ లోపలికి రానివ్వదని ఆమె ఏడిపించేది. వాన పడితే గొడుగు లేదని ఇంకాసేపు కూర్చునేవాడు. గొడుగు బ్యాగులోనే ఉండేది.

నిజానికి ఆ బ్యాకప్ అక్కర్లేదని అతనికి తెలుసు. మెయిన్ సర్వర్ కాసేపు ఆగిపోయినా, పంపినవాళ్ళ సర్వర్లు మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తాయి. తీసేస్తే ఇద్దరికీ చాకిరీ తప్పుతుంది. కానీ ఆమెను ఊరి అవతలి ఆఫీసుకి పంపేస్తారు. అందుకే ఆ బ్యాకప్ అవసరమా అని మేనేజర్ అడిగినప్పుడల్లా నీళ్ళు నమిలాడు.

ఒకరోజు మేనేజరే పిలిచి, బ్యాకప్ తీసేస్తున్నామని, ఆ సలహా ఆ అమ్మాయిదేనని చెప్పాడు.

అతను వెళ్ళేసరికి ఆమె కేబుళ్ళు చుట్టి పెడుతోంది.

"ఎందుకు చెప్పారు?"

"ఖాళీ ఇంటికి కాపలా కాసి విసుగొచ్చింది. పైగా మీరు రోజూ ఒక స్పామ్ పట్టుకుని వస్తున్నారు. నిన్న తెచ్చింది పోయిన నెలదండీ, తేదీ చూసుకోలేదు మీరు." ఆమె కేబుల్ పక్కన పెట్టింది. "ఇక నా దగ్గరికి రావాలంటే ఏం పట్టుకొస్తారో చూద్దామని."

అతను గోడకి జారగిలబడ్డాడు. ఇంకో వంక వెతికే ఓపిక కూడా లేదు.

"ఏమీ పట్టుకురాను. మీరంటే ఇష్టం. ఊరి అవతలికైనా రోజూ వస్తాను."

"రెండు బస్సులు మారాలి. అలిసిపోతారు," అందామె, కుర్చీ అతని వైపు జరుపుతూ. "ఆదివారం మా ఇంటికే రండి. ఒక్క బస్సు చాలు. మీరొస్తారని అమ్మకి చెప్పేశాను."