రెండంగుళాల వదులు

“కార్బనా, అల్యూమినియమా?” సైకిల్ షాపాయన మళ్ళీ అడిగాడు.

అక్క బొత్తాం వైపు చూసింది. బొత్తాం అక్క వైపు చూసింది. ఇద్దరికీ ఏమీ అర్థం కాలేదు.

బొత్తాం అసలు పేరు వేరే ఉంది. నాన్న టైలరు, పైగా తను చిన్నగా, గుండ్రంగా ఉంటుంది. అందుకే ఇంట్లో అందరూ అలా పిలుస్తారు. పదేళ్ళు నిండినా ఆ పిలుపు వదల్లేదు.

అక్క వచ్చే నెలలో ట్రయథ్లాన్ పోటీకి వెళ్ళబోతోంది. ముందు ఈత, తర్వాత సైకిలు, చివర్లో పరుగు, అన్నీ ఒకే రోజు. ఈతలో అక్క చేపే. పరుగులోనూ తక్కువ తినలేదు. గొడవంతా సైకిలుతోనే. పాత సైకిలు ఫ్రేము విరిగిపోయింది. చక్రాలూ బ్రేకులూ బాగానే ఉన్నాయి కాబట్టి ఫ్రేము ఒక్కటి కొంటే చాలు. దానికోసం అక్క ఏడాదిగా చిన్నపిల్లలకి ట్యూషన్లు చెబుతోంది.

“అవన్నీ నాకు తెలీదు అంకుల్. తక్కువలో కావాలి, అంతే,” అంది అక్క.

“అయితే కార్బన్ సంగతి మర్చిపో తల్లీ.”

ఆయన మెరిసే ఫ్రేములన్నిటినీ దాటుకుని ఒక మూలకి నడిచాడు. అక్కడ వాడిన ఫ్రేములు రెండు కొక్కేలకి వేలాడుతున్నాయి. ఒకటి నీలం, ఒకటి ఎరుపు. బొత్తాం కళ్ళకి రెండూ ఒకేలా ఉన్నాయి.

“ధర ఒకటే. సైజే తేడా. కాలి కొలత తెమ్మన్నాను, తెచ్చారా?”

హమ్మయ్య, తెలిసిన మాట ఒకటి వినబడింది! బొత్తాం ముందుకొచ్చి అంకె చెప్పింది.

“నేనే తీశాను అంకుల్.”

“టైలర్ కూతురు అండీ. మా చెల్లి కొలత తప్పదు,” అంది అక్క గర్వంగా.

“అయితే ఎరుపుది. అదే పెద్దది,” అని ఆయన దానికి తన దగ్గరున్న చక్రాలు, సీటు, హ్యాండిల్ తగిలించాడు.

అక్క ఎక్కింది. కాళ్ళు పెడల్స్‌కి అందీ అందనట్టున్నాయి. ఆయన సీటు పూర్తిగా కిందికి దించాడు. అయినా హ్యాండిల్ పట్టుకోవాలంటే అక్క మొత్తం సాగాల్సి వచ్చింది. షాపు ముందు వీధిలో నాలుగు గజాలు తొక్కిందో లేదో, ఆపబోయి పక్కకి ఒరిగి పడింది.

బొత్తాం తలలో అంతా గందరగోళం. కొలత సరిగ్గానే తీసింది కదా! పైగా నాన్న స్కూలు యూనిఫాంలకి చేసినట్టే రెండంగుళాలు వదులు కూడా కలిపింది. వదులుంటే మంచిదేగా? మరి అక్క ఎందుకు పడింది?

“అంకుల్, దీన్ని కొంచెం లోపలికి మడవలేమా?” అని మెల్లగా అడిగింది.

“ఏంటీ? మడవడమా? ఇది గౌను కాదమ్మా, అల్యూమినియం!” ఆయన పకపకా నవ్వాడు.

బొత్తాం నవ్వలేదు. యూనిఫాం వదులైతే నాన్న లోపలికి మడిచి కుడతాడు. దీన్నెవరు మడుస్తారు?

అక్క మోచేయి దులుపుకుంటూ లేచింది. మొహం చిన్నబోయింది.

“నా కాళ్ళే పొట్టివేమో. తొక్కగా తొక్కగా అలవాటైపోతుందిలెండి. ఇదే ఇచ్చేయండి,” అంటూ బ్యాగు జిప్పు తీసింది.

ఏడాది ట్యూషన్ల డబ్బు. ఇప్పుడు చెబితే అక్క షాపాయన ముందే తిడుతుంది. చెప్పకపోతే పోటీలో మళ్ళీ పడుతుంది. బొత్తాం ఆ బ్యాగుని రెండు చేతులతో గట్టిగా పట్టేసుకుంది.

“కొనకక్కా! నీ కాళ్ళు పొట్టివి కావు. నేనే రెండంగుళాలు కలిపాను.”

“కలిపావా? ఎవరు కలపమన్నారే?”

“ఎవరూ అనలేదు. నాన్న కలుపుతాడుగా... నువ్వు పెరుగుతావని...”

“ఇంకెక్కడ పెరుగుతానే! నా ఎత్తు ఆగిపోయి మూడేళ్ళయింది!”

అక్క కళ్ళెర్రజేసింది. బొత్తాం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. షాపాయన గొంతు సవరించుకుని ఒక టేపు తెచ్చి బొత్తాం చేతిలో పెట్టాడు.

“మళ్ళీ తియ్యమ్మా.”

అక్క ఇంకా మూతి ముడుచుకునే ఉంది. కానీ చెప్పులు విడిచి గోడకి ఆనుకుని నిలబడింది. బొత్తాం కింద కూర్చుని కొలిచింది. నమ్మకం చాలక మళ్ళీ కొలిచింది.

“ఇది ఉత్త కొలత అంకుల్. ఏమీ కలపలేదు.”

ఆయన నీలం ఫ్రేము కిందికి దించాడు. ఈసారి అక్క వీధి చివరిదాకా వెళ్ళి, చక్కగా మలుపు తిరిగి వచ్చి, నేల మీద కాలు పెట్టి ఆగింది. చెల్లెలి నెత్తిన ఒక మొట్టికాయ వేసింది. గట్టిగా కాదు.

ఆ సాయంత్రం నాన్న కటింగ్ బల్ల మీద నల్లగుడ్డ పరిచాడు. పోటీకి అక్కకి షార్ట్స్ కుట్టాలి. బొత్తాం కొలతలు తీసి చెప్పింది. నాన్న సుద్దతో గీత గీయబోతూ, అలవాటు ప్రకారం చేతిని కొంచెం బయటికి జరిపాడు.

బొత్తాం టక్కున ఆ చెయ్యి పట్టుకుంది.

“ఆగు నాన్నా. వదులు కావాలో వద్దో ముందు అక్కనడుగుదాం.”