తాడుకు అవతలి చివర

విజయవాడ ఆటోనగర్‌లో నాకు జీపులు బాగుచేసే షెడ్డుంది. చల్లపల్లి తిరుపతిరావు గారు రిటైరయ్యాక ఒక పాత జీపు కొని, నా దగ్గరే ఇంజను పని చేయించుకున్నారు. నాగాయలంక అవతల మడ అడవిలోకి అటవీ శాఖ వాళ్లు బండ్లను వదిలే మట్టి దారి ఒకటుంది. మొదటిసారి అక్కడికి వెళ్తూ నన్నూ తోడు రమ్మన్నారు.

అడవి దారిలోకి వెళ్లే ఎవరికైనా నేను చెప్పేది ఒకటే. లాగుడు తాడు, పార, కత్తి, టార్చి, టైర్లకు గాలి పంపు. అన్నిటికంటే ముందు, జాకీ కింద వేసే మందపాటి చెక్క. బురదలో చెక్క లేకపోతే జాకీ ఉన్నా లేనట్టే. ఆ ఆదివారం చల్లపల్లిలో ఆయన ఇంటి ముందు సామానంతా నేనే సర్ది, టీ తాగడానికి లోపలికెళ్లాను.

మధ్యాహ్నం మూడింటి దాకా బాగానే సాగింది. దారికి రెండు వైపులా మడచెట్లు. బురదలోంచి వేళ్లు మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఉప్పు వాసన, కుళ్లిన ఆకుల వాసన. పాయ ఒడ్డున తిప్పుకుందామని ఆయన బండి దింపారు. వెనక చక్రం ఇరుసు దాకా దిగిపోయింది.

"చెక్క తీయండి సార్," అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. "ఐస్ పెట్టెకు చోటు చాలలేదు కరిముల్లా. ఇంట్లో పెట్టేసొచ్చాను."

జాకీ కింద స్టెప్నీ టైరు వేసి మెల్లగా లేపాను. ఆయన కొమ్మలు నరికి తెచ్చి చక్రం కింద తోస్తున్నారు. వద్దు సార్, పక్కకి రండి అనబోయేలోగానే టైరు ఒరిగింది. జాకీ బురదలోకి జారిపోయింది. జీపు ఆయన కాలి మీద కూర్చుంది.

ఆయన అరవలేదు. నోరు తెరిచి, గాలి కోసం వెతికినట్టు చూశారు.

పార తీసుకుని తవ్వాను. ఎంత తవ్వితే అంత బురద తిరిగొచ్చి పడుతోంది. ఫోను చూస్తే సిగ్నల్ లేదు. దాన్ని డాష్‌బోర్డు మీద పడేసి మళ్లీ తవ్వాను. ఎండ చెట్ల వెనక్కి వెళ్లింది. అప్పుడు వినబడింది... వేళ్ల మధ్య నుంచి నీళ్లు మెల్లగా పైకి వస్తున్న చప్పుడు. సముద్రం పోటు మొదలైంది.

అరగంటకు నీళ్లు కూర్చున్న ఆయన నడుం దాకా వచ్చాయి. ఇంకో అరగంటకు ఛాతీ. చుట్టూ ఒక్క పక్షి కూడా కూయడం లేదు.

"కత్తి ఉందిగా," అన్నారాయన. "కాలు తీసెయ్ కరిముల్లా."

"నావల్ల కాదు సార్."

"మరి నన్నొదిలి కరకట్ట ఎక్కు."

అదీ నావల్ల కాలేదు. తాడు ఒక చివర జీపు ముందు హుక్కుకు కట్టాను. రెండో చివర చెట్టుకు చుట్టి, పార కర్రతో మెలిపెడితే కాస్తయినా కదులుతుందని ఆశ. విసిరిన తాడు చెట్టు దాకా చేరలేదు. నీళ్లలో పడింది. అందుకోవడానికి రెండడుగులు వేశానో లేదో, తాడు బిగిసింది.

"లాగమంటారా అండీ?"

మెల్లగా, మర్యాదగా అడిగిందా గొంతు. చెట్ల వెనక జాలర్లెవరో ఉన్నారనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది.

"లాగండి బాబూ. మనిషి కింద ఉన్నాడు. మెల్లగా లాగండి."

జీపు కదిలింది. ఎడ్లజత లాగినట్టు, కుదుపు లేకుండా ముందుకు కదిలింది. చక్రం పైకి లేచిన క్షణంలో ఆయన్ని చంకల కింద పట్టుకుని వెనక్కి గుంజాను. కాలు వచ్చింది.

"చాలండీ. ఆపండి."

ఆగలేదు.

"ఇంకొంచెం అండీ..."

ఆయన చొక్కా వెనక బంపర్‌కు చిక్కుకుంది. జీపుతో పాటు ఆయనా పోతున్నారు. చింపబోతే నానిన గుడ్డ తెగలేదు. కత్తి బానెట్ మీద ఉంది. రొమ్ము లోతు నీళ్లలో ముందుకెళ్లి అందుకున్నాను. ముందు తాడునే ఒక్కో పోగూ కోస్తూ, దాని వెంట అవతలికి చూశాను.

తాడు చెట్ల వైపు వెళ్లలేదు. జీపు ముందు నాలుగు బారల దూరంలో... నిటారుగా నీళ్లలోకి దిగి ఉంది.

అక్కడ బుడగ కూడా లేదు.

"ఇద్దరూ రావచ్చండీ," అంది గొంతు. ఈసారి నా మోకాళ్ల దగ్గర నుంచి.

ఎలా కోశానో తెలియదు. తాడు తెగి, చప్పుడు లేకుండా లోపలికి జారిపోయింది. వెనక్కొచ్చి చొక్కా కోసి, ఆయన్ని వీపున వేసుకుని కరకట్ట దాకా పాకాను. వెనక జీపు నీళ్లలోకి వాలిపోయింది. తిరిగి చూడలేదు.

కట్ట మీద పాల బండి అబ్బాయి కనబడి ఊళ్లోకి కబురు చేశాడు. రాత్రంతా ఆస్పత్రిలోనే ఉన్నాను. కాలు రెండు చోట్ల విరిగినా ప్రాణానికి భయం లేదన్నారు. తిరుపతిరావు గారు నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ గొంతు సంగతి ఇద్దరం ఎత్తలేదు.

మర్నాడు పన్నెండు గంటలకు బస్సు దిగి ఇంటికొచ్చాను. మంచి ఎండ. మా ఆవిడ షహనాజ్ తలుపు తీసి, నా బట్టల మీది బురద చూసి నిలబడిపోయింది.

"ఇంత దగ్గర్లో ఉండి దారి అడిగారేంటండీ?"

"ఎవరడిగారు?"

"మీరే. ఇప్పుడేగా మీ ఫోన్ నుంచి చేశారు. ఇల్లు గుర్తు రావట్లేదన్నారు. మాట సరిగ్గా వినబడలేదు, నీళ్ల దగ్గర ఉన్నారేమో అనుకున్నా."

నా ఫోను జీపులో ఉంది. జీపు పాయలో ఉంది.

"నువ్వేం చెప్పావు?"

"వీధి చెప్పాను. ఎన్నో అంతస్తని అడిగితే అదీ చెప్పాను," అంది షహనాజ్. ఆ తర్వాత నా భుజం మీదుగా మెట్ల వైపు చూసి, చిన్న గొంతుతో అడిగింది. "మీతో ఎవరైనా వచ్చారా?"